లైబ్రరీకీ బైండింగుకూ మధ్య: విడుదల తేదీల సమన్వయంపై సమీక్ష

పైథాన్‌లో ఫొటో సైజు తగ్గించినా, వెబ్‌సైటుతో భద్రంగా సంభాషించినా, చిన్న డేటాబేసులో నాలుగు వరుసలు దాచుకున్నా, అసలు పని చాలావరకు జరిగేది సీలోనో సీ ప్లస్ ప్లస్‌లోనో రాసిన లైబ్రరీలో. ఏళ్ల తరబడి పరీక్షకు నిలిచిన ఆ కోడును ప్రతి భాషలోనూ మళ్లీ రాయడం వృథా, ప్రమాదం కూడా. అందుకే లైబ్రరీ ఒకటే ఉంటుంది. దాని ఫంక్షన్లను పైథాన్, జావా, రూబీ, రస్ట్, గో వంటి భాషలకు అందించే కోడు వేరుగా ఉంటుంది. దాన్నే బైండింగ్ అంటాం. హైదరాబాదులో, విశాఖలో, బెంగళూరులో, అమెరికాలో కొలువు చేస్తున్న తెలుగు ప్రోగ్రామర్లలో చాలామంది చేతికి తగిలేది బైండింగే. దాని కింద ఉన్న లైబ్రరీ పేరు ఏదైనా చెడినప్పుడు గానీ తెలియదు.

లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చిందంటే కొన్ని ప్రశ్నలు తప్పవు. బైండింగూ అదే రోజు రావాలా? రాకపోతే ఎన్నాళ్లు ఆగవచ్చు? బైండింగు సిద్ధం కాలేదని లైబ్రరీ తన విడుదలను ఆపుకోవాలా? ఇద్దరికీ ఒకే వెర్షన్ నంబరా, ఎవరిది వారికేనా? భద్రతా లోపం బయటపడితే ఎవరు ముందు కదలాలి? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఈ ప్రశ్నలకు పాతికేళ్లుగా రకరకాల జవాబులు చెబుతున్నాయి. కొన్ని నిలిచాయి, కొన్నింటిని చెప్పినవాళ్లే మార్చుకున్నారు. వాటిని ఒకచోట చేర్చి బేరీజు వేయడమే ఈ వ్యాసం పని. తేలిన సంగతి ముందే చెబుతాను. లైబ్రరీ తన సరిహద్దును, అంటే బైండింగులు పిలిచే ఫంక్షన్ల రూపాన్ని, స్థిరంగా ఉంచుకుంటే తేదీలు కలపాల్సిన అవసరమే చాలావరకు ఉండదు. సరిహద్దు మారక తప్పనప్పుడు, ఆ మార్పు విడుదల కంటే ముందే బైండింగు రాసేవారికి అందాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండింటి తర్వాతే.

ఒక బైండింగు, మూడు క్యాలెండర్లు

బైండింగు రాసేవారు లైబ్రరీ వెనక మాత్రమే నడిస్తే పని తేలికే. కానీ వారు తమ భాష వెనక కూడా నడవాలి. పైథాన్ 2020లో వచ్చిన 3.9 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ ఇస్తోంది. రూబీ ప్రతి క్రిస్మస్‌కు వస్తుంది. జావా 2018 నుంచి మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి. గో ఫిబ్రవరి, ఆగస్టుల్లో. రస్ట్ ఆరు వారాలకొకసారి. ఇక లైబ్రరీల సంగతి: లిబ్‌కర్ల్ ఎనిమిది వారాలకు, ఎల్‌ఎల్‌వీఎం ఆరు నెలలకు, లిబ్‌వర్ట్ దాదాపు నెలనెలా వస్తాయి. ఈ రెండు వరుసలూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ సరిపడవు. లైబ్రరీ కదలకపోయినా భాష కదిలితే బైండింగు మళ్లీ కంపైల్ కావాలి. భాష కదలకపోయినా లైబ్రరీ కదిలితే మళ్లీ రాయాలి.

మూడో క్యాలెండరు పంపిణీదారులది. ఉబుంటు ఏప్రిల్, అక్టోబరుల్లో వస్తుంది. డెబియన్‌లో ఒక లైబ్రరీ ఏబీఐ (ఈ మాట అర్థం వచ్చే పేరాలో) మారితే, దాని మీద ఆధారపడిన ప్యాకేజీలన్నింటినీ తిరిగి కట్టాలి. ఆ పని విడుదల బృందం పర్యవేక్షణలో వంతుల వారీగా సాగుతుంది. ఆర్ భాష ప్యాకేజీలను భద్రపరిచే క్రాన్, నెలా రెండు నెలలకోసారి కంటే ఎక్కువగా కొత్త వెర్షన్లు పంపవద్దని తన నియమాల్లోనే రాసుకుంది. లైబ్రరీ వారం తేడాతో రెండు సవరణలు ఇచ్చినా, ఆర్ బైండింగుకు రెండోది అంత తేలిగ్గా అందదు.

ఇక్కడ రెండు మాటలు విడదీసి చెప్పుకోవాలి. ఏ ఫంక్షను ఏ పేరుతో ఉంది, ఏమి తీసుకుంటుంది, ఏమి ఇస్తుంది అన్నది ఏపీఐ. కంపైల్ అయిన తర్వాత మెమరీలో ఏది ఎక్కడ ఉంటుంది, ఏది ఎంత చోటు తీసుకుంటుంది అన్నది ఏబీఐ. ఏపీఐలో కొత్తవి చేరితే బైండింగు తీరిగ్గా అందుకోవచ్చు. ఉన్నది మారితే కోడు సరిదిద్దాలి. ఏబీఐ మారితే ఒక్క అక్షరం దిద్దకపోయినా మళ్లీ కట్టి మళ్లీ విడుదల చేయాల్సిందే. విడుదల తేదీల తగాదాలన్నీ ఈ మూడింటిలో ఏది జరిగిందన్న దాన్ని బట్టే ఉంటాయి.

అందరూ ఒకే రోజు

తేలిగ్గా తోచే జవాబు: అన్నీ ఒకే రిపాజిటరీలో పెట్టి, ఒకే నంబరుతో, ఒకే రోజు విడుదల చేయడం. నెట్‌వర్క్ మీదుగా ఫంక్షన్లను పిలిపించే జీఆర్‌పీసీలో సీ ప్లస్ ప్లస్ మూలాన్ని వాడుకునే పైథాన్, రూబీ, పీహెచ్‌పీలు ఇలాగే కలిసి వస్తాయి. మూలం మీద ఆధారపడకుండా సొంతంగా రాసుకున్న జావా, గోలు వేరు రిపాజిటరీల్లో తమ దారిన నడుస్తాయి. ఈ విభజనలో తర్కం ఉంది: కింద పంచుకునే కోడు ఉన్నవారే కలిసి నడుస్తున్నారు. జీస్ట్రీమర్ కూడా విడివిడిగా ఉన్న తన మాడ్యూళ్లను 2021లో ఒకే రిపాజిటరీలోకి చేర్చింది. మూలంలో ఒక మార్పు, దానికి తగ్గట్టు పైథాన్ బైండింగులో మరో మార్పు ఒకేసారి చేర్చి, ఒకేసారి పరీక్షించే వీలు దానితో వచ్చింది.

ఈ పద్ధతి ఖరీదు అపాచీ ఆరో అనుభవంలో స్పష్టంగా కనిపిస్తుంది. డేటాను మెమరీలో వరుసల వారీగా కాక నిలువు పట్టీలుగా దాచే ప్రమాణం అది. సీ ప్లస్ ప్లస్, పైథాన్, ఆర్, జావా, గో, రస్ట్, జావాస్క్రిప్ట్ అన్నీ మొదట ఒకే ఇంట్లో ఉండేవి. కొన్ని నెలలకొకసారి అందరికీ కలిపి కొత్త మేజర్ వెర్షన్. దీనితో గో వాడేవారికి చిక్కు వచ్చింది. గో నియమం ప్రకారం మేజర్ వెర్షన్ మారితే ఇంపోర్ట్ దారిలోనే ఆ నంబరు మారాలి. గో కోడులో పాతదాన్ని చెడగొట్టే మార్పు ఒక్కటీ లేకపోయినా, ఇంకెక్కడో సీ ప్లస్ ప్లస్‌లో ఏదో మారిందని, గో ప్రోగ్రామర్లు తమ ఫైళ్లలో ఇంపోర్ట్ లైన్లన్నీ మార్చుకుంటూ పోవాల్సి వచ్చింది. రస్ట్ వర్గం 2021లోనే వేరుపడి చాలాకాలం రెండేసి వారాలకు విడుదలలు ఇచ్చింది. గో, జావాలు 2024లో వేరు రిపాజిటరీలకు వెళ్లాయి. సీ ప్లస్ ప్లస్ మూలాన్ని నేరుగా చుట్టుకున్న పైథాన్, ఆర్‌లు మాత్రం కలిసే ఉన్నాయి. ఆలస్యంగానైనా ఆరో చేరుకున్నది జీఆర్‌పీసీ గీసుకున్న గీత దగ్గరికే.

ఒకే ఇంట్లో ఉంచుకోవడం వల్ల వచ్చే రెండో నష్టం, చూసుకునేవారు లేని బైండింగు కూడా బాగానే ఉన్నట్టు కనిపించడం. కంపైలర్లు కట్టడానికి వాడే ఎల్‌ఎల్‌వీఎం తన రిపాజిటరీలో గో బైండింగును ఏళ్ల తరబడి ఉంచుకుని, పట్టించుకునే మెయింటైనరు లేక 2022లో తొలగించింది. ప్రతి విడుదలతోనూ బయటికి వస్తున్నంత మాత్రాన అది బతికి ఉన్నట్టు కాదు.

వేరు కాపురాలు, ఒకే తేదీ

రెండో దారి: రిపాజిటరీలు వేరు, బృందాలు వేరు, క్యాలెండరు ఒకటి. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ దీనికి పాత ఉదాహరణ. ఆరు నెలలకొకసారి, మార్చిలోనూ సెప్టెంబరులోనూ వచ్చే విడుదలలో, గ్నోమ్ 2 కాలంలో బైండింగుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే ఉండేది. సీ ప్లస్ ప్లస్‌కు జీటీకేఎంఎం, పైథాన్‌కు పైజీటీకే వంటివి అందులో చేరాలంటే గ్నోమ్ విడుదల పట్టికను పాటించాలి, ఏపీఐ స్థిరంగా ఉంచుతామని మాట ఇవ్వాలి. ప్రతిఫలంగా వారికి గుర్తింపు దక్కేది. అంతకంటే ముఖ్యంగా, ఫ్రీజ్ తేదీలు ముందే తెలిసేవి. విడుదలకు కొన్ని వారాల ముందే ఏపీఐ ఫ్రీజ్ పడుతుంది; ఆ తర్వాత కొత్త ఫంక్షన్లు చేరవు, ఉన్నవి మారవు. బైండింగు రాసేవారు కదలని లక్ష్యం మీద పని చేసుకునే అవకాశం ఆ వారాల్లోనే.

లిబ్‌వర్ట్ పద్ధతి మరింత శ్రద్ధగా చూడదగ్గది. వర్చువల్ మెషీన్లను నడిపించే ఈ లైబ్రరీ ప్రతి నెలా ఒకటో తేదీ ప్రాంతంలో వస్తుంది. జనవరిలో మాత్రం నెల మధ్యకు జరిగి, ఫిబ్రవరి వదిలేసి, మార్చిలో మళ్లీ గాడిన పడుతుంది. విడుదలకు వారం ముందు ఫ్రీజ్, ఆ వారంలోనే రిలీజ్ క్యాండిడేట్లు. పైథాన్ బైండింగు మొదట లైబ్రరీలోనే ఉండేది. 2013 చివర్లో దాన్ని వేరు చేశారు. నంబరు అదే, తేదీ అదే, కానీ ఒక కీలకమైన సౌలభ్యం తోడైంది: కొత్త బైండింగును పాత లైబ్రరీ మీద కూడా కట్టవచ్చు, 0.9.11 దాకా. లైబ్రరీ తన ఏపీఐ వివరాలను ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా ఇస్తుంది. బైండింగు దాన్ని చదివి, అక్కడ ఉన్న ఫంక్షన్లకే కోడు తయారు చేసుకుంటుంది. సర్వర్‌లో మూడేళ్ల నాటి లిబ్‌వర్ట్ ఉన్నవారు కూడా బైండింగులోని బగ్ సవరణల కోసం లైబ్రరీని మార్చక్కర్లేదు. తేదీలు కలిపీ, తేదీలు కలవనివారికి దారి వదిలీ చేసిన ఏర్పాటు ఇది. నేను చూసిన పద్ధతుల్లో అనుకరించదగ్గవాటిలో దీన్ని ముందు వరుసలో పెడతాను.

కలవనప్పుడు ఏమవుతుంది

సమన్వయం లేకపోతే నష్టం ఎంతో, తెర మీది విండోలు, బటన్లు గీసే క్యూటీ లైబ్రరీ చరిత్ర చెబుతుంది. పైథాన్‌లో క్యూటీ వాడటానికి పైక్యూటీ 1998 నుంచే ఉంది. లైసెన్సు విషయంలో ఏకాభిప్రాయం కుదరక, నోకియా 2009లో పైసైడ్ అనే మరో బైండింగును తెచ్చింది. 2012 డిసెంబరులో క్యూటీ 5 వచ్చేనాటికి నోకియా ఆ రంగం నుంచే తప్పుకుంది. పైసైడ్ క్యూటీ 4 దగ్గరే ఆగిపోయింది. పైక్యూటీ 2013లోనే ఐదో వెర్షన్‌ను అందుకుంది. పైసైడ్‌ను క్యూటీ కంపెనీ 2016లో మళ్లీ చేతుల్లోకి తీసుకుంటే, అధికారిక విడుదల 2018 డిసెంబరులో క్యూటీ 5.12తో గానీ రాలేదు. అంటే ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో పైసైడ్‌ను నమ్ముకుని ప్రోగ్రాములు రాసినవారు పాత క్యూటీతో సర్దుకోవడమో, బైండింగు మార్చుకోవడమో చేయాల్సి వచ్చింది. క్యూటీ 6.0 సంగతి వేరు. 2020 డిసెంబరులో లైబ్రరీ వచ్చింది, పైసైడ్6 అదే నెలలో వచ్చింది. కోడు ఒక్కసారిగా తేలికైపోలేదు. బైండింగు బాధ్యత లైబ్రరీ తయారుచేసే సంస్థలోకే వచ్చి, ఒకే విడుదల ప్రణాళికలో దానికీ చోటు దొరికింది.

ఎల్‌ఎల్‌వీఎంలైట్ కథ ఇంకో రకం. పైథాన్ లెక్కలను వేగంగా నడిపించే నంబా దీని మీద ఆధారపడుతుంది. ఇందులో నిర్లక్ష్యం ఏమీ లేదు. బృందం చురుగ్గానే ఉంది. కానీ ఎల్‌ఎల్‌వీఎం ఆరు నెలలకొకసారి వస్తుంది, తన సీ ప్లస్ ప్లస్ ఏపీఐ స్థిరంగా ఉంటుందని మాట ఇవ్వదు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎల్‌ఎల్‌వీఎం 15లో పాయింటర్లను చూసే పద్ధతే మారింది: ఏ రకం డేటాను చూపిస్తుందో పాయింటరే చెప్పే పాత పద్ధతి పోయి, ఆ సమాచారం లేని పాయింటర్లు డిఫాల్ట్ అయ్యాయి. పాత పద్ధతిని నమ్ముకుని కట్టిన ప్రతి మెట్టునూ తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. ఎల్‌ఎల్‌వీఎంలైట్ 15కు చేరింది 2025 జనవరిలో. అప్పటికే ఎల్‌ఎల్‌వీఎం 19 బయట ఉంది. లైబ్రరీ కదిలే వేగం బైండింగు మోయగల వేగాన్ని మించితే, ఎంత మంచి క్యాలెండరూ ఆ దూరాన్ని పూడ్చలేదు.

మాట మీద నిలబడ్డ లైబ్రరీలు

ఎల్‌ఎల్‌వీఎంకు పూర్తి వ్యతిరేక దిశలో, ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే లిబ్‌కర్ల్ ఉంది. డేనియల్ స్టెన్‌బర్గ్ నడిపించే ఈ లైబ్రరీకి అరవైకి పైగా బైండింగులున్నాయి. దాదాపు అన్నింటినీ బయటివారే రాసి నడుపుతున్నారు. కర్ల్ బృందం ఎవరితోనూ తేదీలు మాట్లాడుకోదు. ఆ అవసరం లేదు. 2006 అక్టోబరులో వచ్చిన 7.16.0 తర్వాత లిబ్‌కర్ల్ తన ఏబీఐని చెడగొట్టలేదు. 2023 మార్చిలో, ప్రాజెక్టు పాతికేళ్ల పండుగ నాడు నంబరు 8కి మారినప్పుడు కూడా ఏబీఐ మారలేదు. పదేళ్ల క్రితం కట్టిన బైండింగు నేటి లిబ్‌కర్ల్ మీద నడుస్తుంది. కొత్త ఆప్షన్లు మాత్రం దానికి కనబడవు. బైండింగు వెనకబడితే పోయేది కొత్త సౌకర్యమే తప్ప ఉన్న పని ఆగదు. వినియోగదారు దృష్టిలో ఈ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది.

ఎస్‌క్యూలైట్ది కూడా ఇదే దారి. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ డేటాబేసు అసలు టీసీఎల్ భాషకు అనుబంధంగా పుట్టింది. టీసీఎల్ బైండింగు నేటికీ మూల కోడుతోపాటే వస్తుంది. లైబ్రరీని రాసేవారే ఒక బైండింగును రోజూ వాడుతుంటే, సరిహద్దులో ఎక్కడ గుచ్చుకుంటుందో వారికి ముందే తెలుస్తుంది. 2050 దాకా దీన్ని కొనసాగిస్తామన్నది ఆ బృందం బహిరంగంగా ఇచ్చిన మాట.

ఈ స్థిరత్వం ఊరికే రాదు. ఒకసారి తప్పుగా పెట్టిన పేరును, తొందరలో ఎంచుకున్న పారామితిని దశాబ్దాల పాటు మోయాలి. ప్రయోగ దశలో ఉన్న లైబ్రరీకి ఇది భారమే. లిబ్‌జిట్2 తన 1.0 వెర్షన్ చేరిన 2020 దాకా తరచూ ఏబీఐ మార్చుకుంటూనే వచ్చింది. దాని పైథాన్ బైండింగు పైజిట్2, ఏ వెర్షన్‌కు ఏ లిబ్‌జిట్2 సరిపోతుందో చెప్పే పట్టికను తన డాక్యుమెంటేషన్‌లో పెట్టుకుంది. స్థిరత్వం ఇవ్వలేనివారు కనీసం ఇవ్వాల్సింది అలాంటి పట్టిక.

మారక తప్పనప్పుడు ఎలా మారాలో నంపై 2.0 చూపింది. 2006 తర్వాత అది చేసిన మొదటి పెద్ద ఏబీఐ మార్పు. తుది విడుదల 2024 జూన్ 16న. ముందస్తు వెర్షన్లు మార్చి నుంచే అందుబాటులో ఉన్నాయి. పైగా, 2.0 మీద కట్టిన ప్యాకేజీ పాత 1.x మీద కూడా నడిచేలా ఏర్పాటు చేశారు. దానితో ఆధారిత ప్యాకేజీలు నంపై కంటే ముందే తమ విడుదలలు పూర్తి చేసుకోగలిగాయి. ఎవరు ముందన్న ప్రశ్న అక్కడ చిక్కుముడి కాలేదు.

యంత్రం రాసిపెట్టే బైండింగులు

మనుషులు రాయడం ఆలస్యమైతే యంత్రంతో రాయిద్దామన్న ఆలోచన కొత్తది కాదు. డేవిడ్ బీజ్లీ 1995లో లాస్ అలమోస్‌లో మొదలుపెట్టిన స్విగ్, సీ హెడర్లను చదివి అనేక భాషలకు బైండింగులు తయారు చేస్తుంది. వెతుకులాట లైబ్రరీ జాపియన్ దీనితోనే తన బైండింగులను తయారు చేసి, మూలంతోపాటు ఒకే నంబరుతో విడుదల చేస్తుంది. జావాలో 2024 మార్చిలో వచ్చిన 22వ వెర్షన్ నుంచి, సీ లైబ్రరీలను నేరుగా పిలిచే సదుపాయం భాషలోనే స్థిరపడింది.

గ్నోమ్ మరో అడుగు ముందుకు వేసింది. పైజీటీకేకు ఫంక్షన్ల వివరాలను వేరే ఫైళ్లలో నిర్వహిస్తూ, కుదరని చోట చేత్తో రాసేవారు. గ్నోమ్ 3తో వచ్చిన ఇంట్రోస్పెక్షన్ పద్ధతిలో ఆ వివరాలను సీ కోడు పక్కనే వ్యాఖ్యల్లో రాస్తారు: ఈ ఫంక్షను ఇచ్చిన మెమరీని ఎవరు విడుదల చేయాలి, ఈ విలువ శూన్యం కావచ్చా, ఈ జాబితా పొడవు ఎక్కడుంది. పైథాన్ బైండింగు వాటిని ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే చదువుతుంది. లైబ్రరీలో కొత్త ఫంక్షను చేరితే, బైండింగు కొత్త విడుదల లేకుండానే అదే రోజు పైథాన్‌లో పిలవవచ్చు.

ఇంత మేలున్న పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. వ్యాఖ్యలో తప్పు దొర్లితే, అంటే మెమరీ ఎవరిదో తారుమారుగా రాస్తే, పైథాన్ ప్రోగ్రాము కుప్పకూలుతుంది. దాన్ని సరిచేయాల్సింది లైబ్రరీలో. సవరణ వాడుకదారుకు చేరేది లైబ్రరీ తదుపరి విడుదలతో. ఒకప్పుడు బైండింగు మెయింటైనరు సాయంత్రానికల్లా సరిచేసి పంపగలిగిన లోపం, ఇప్పుడు మరొకరి క్యాలెండరు కోసం ఎదురుచూస్తుంది. యంత్రం శ్రమను తగ్గిస్తుంది. ఒకరి మీద ఒకరు ఆధారపడటాన్ని మాత్రం తగ్గించదు, దాని దిశ మారుస్తుంది.

నంబరు చెప్పే కబురు

వెర్షన్ నంబర్ల విషయంలో కొందరు తెలివైన ఏర్పాట్లు చేశారు. ఎస్‌క్యూలైట్‌కు పైథాన్ బైండింగు ఏపీఎస్‌డబ్ల్యూ, ఎస్‌క్యూలైట్ నంబరునే వాడి, తన సవరణల కోసం చివర నాలుగో అంకె చేరుస్తుంది. రస్ట్‌లో ఎల్‌ఎల్‌వీఎం బైండింగు నంబరు 150తో మొదలైతే అది ఎల్‌ఎల్‌వీఎం 15.0 కోసమని చూడగానే తెలుస్తుంది. లైబ్రరీని అంటిపెట్టుకుని ఉండే బైండింగులకు ఇది మంచి పద్ధతి.

అందరికీ ఒకే నంబరు పెట్టుకుంటే వచ్చే ఇబ్బంది, పెట్టుకోకపోతే వచ్చే గందరగోళం రెండూ, డేటాను బైట్లుగా మార్చే ప్రోటోబఫ్‌లో కనబడతాయి. 2022 దాకా అన్ని భాషలూ 3తో మొదలయ్యే ఒకే నంబరుతో వచ్చేవి. ఒక్క భాషలో పెద్ద మార్పు చేయాలన్నా అన్నింటి మేజర్ నంబరూ మార్చాలి. అందుకని ఆ ఏడు కొత్త పద్ధతి తెచ్చారు: మేజర్ నంబరు భాషకొకటి, దాని తర్వాతి అంకెలు అందరికీ ఒకటే. కంపైలర్ 21 అయితే జావా 3.21, పైథాన్ 4.21. ఆలోచన సబబైనదే. కానీ మే నెలలో పైథాన్ 4.21.0 వచ్చినప్పుడు, దానితోపాటే లోపలి అమలు మొత్తం మారింది, 3.19 కంటే పాత కంపైలర్‌తో తయారైన కోడు లోడ్ కావడం మానేసింది. గరిష్ఠ వెర్షన్ ఎంతో చెప్పకుండా ప్రోటోబఫ్‌ను కోరుకున్న ప్యాకేజీలన్నీ ఆ రోజు కొత్తదాన్ని తెచ్చుకుని ఆగిపోయాయి. నిన్న నడిచిన ప్రోగ్రాము, ఒక్క అక్షరం మార్చకుండానే, నేడు మొదటి లైన్‌లోనే ఆగింది. చాలామంది ఆ పూటకు 3.20కి వెనక్కి వెళ్లి ఊపిరి పీల్చుకున్నారు. మేజర్ నంబరు మారిందంటే హెచ్చరిక ఇచ్చినట్టే, నిజమే. కానీ ఆ నంబరును వాడేవారి ప్యాకేజీలు చదవడం లేదని తెలిసినప్పుడు, హెచ్చరిక ఇచ్చామన్న తృప్తి సరిపోదు.

భద్రత దగ్గర వేరే లెక్క

కొత్త సౌకర్యాల విషయంలో బైండింగు మూడు నెలలు ఆలస్యమైనా కొంప మునగదు. భద్రతా లోపం దగ్గర మూడు రోజులు కూడా ఎక్కువే. పైథాన్ ప్యాకేజీలు చాలావరకు లైబ్రరీని తమలోనే కలుపుకుని వస్తాయి కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌లో లైబ్రరీని సరిచేసినా ప్యాకేజీ లోపలి ప్రతి అలాగే ఉండిపోతుంది.

2022 అక్టోబరు 25న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం, నవంబరు 1న తీవ్రమైన లోపానికి సవరణ వస్తుందని ముందుగా ప్రకటించింది. వివరాలు చెప్పలేదు, తేదీ మాత్రం చెప్పింది. ఆ వారం వ్యవధి చాలు. నవంబరు 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0.7 వచ్చిన రోజే, దాన్ని కలుపుకున్న పైథాన్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ 38.0.3 కూడా వచ్చేసింది. ముందస్తు కబురు ఎంత పని చేస్తుందో ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ లోపానికి ఆ అవకాశం దక్కలేదు. బొమ్మలను విప్పే ఆ చిన్న లైబ్రరీలోని లోపం మొదట క్రోమ్ బ్రౌజరు లోపంగా నమోదైంది. సెప్టెంబరు 11న క్రోమ్‌కు సవరణ వచ్చింది. అదే లైబ్రరీ లెక్కలేనన్ని ఇతర ప్రోగ్రాముల్లోనూ ఉందన్న సంగతి మెల్లగా అర్థమైంది. పైథాన్‌లో బొమ్మల పనికి అందరూ వాడే పిల్లో బృందం సెప్టెంబరు 15న, సరిచేసిన లిబ్‌వెబ్‌పీ 1.3.2తో 10.0.1 విడుదల చేసింది. పిల్లోకు ఏడాదికి నాలుగు నియమిత తేదీలున్నాయి: జనవరి 2, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 15. తదుపరి విడుదల అక్టోబరు 15న రావాల్సి ఉంది, వచ్చింది కూడా. భద్రత కోసం వారు క్యాలెండరును పక్కన పెట్టారు. కొత్త సౌకర్యాల కోసం పెట్టలేదు. మంచి క్యాలెండరు అంటే ఇదే: ఎప్పుడు దాటాలో కూడా ముందే తెలిసినది.

భద్రత సంగతి అలా ఉంచితే, పిల్లో తెలుగువారికి మరో విధంగానూ దగ్గరి విషయం. బొమ్మ మీద "స్త్రీ" అని తెలుగులో రాయించాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలను కలిపి, గుడిదీర్ఘాన్ని పైన పెట్టి, రెండు వత్తులను కింద అమర్చాలి. ఆ పని హార్ఫ్‌బజ్ లైబ్రరీది. పిల్లోకు దాన్ని చేరవేసేది రాక్మ్. రాక్మ్‌కు మద్దతు 2017 జులైలో 4.2.0తో వచ్చింది. తర్వాత రాక్మ్‌ను ప్యాకేజీలోనే కలిపారు. అయినా ఫ్రిబిడి అనే మరో లైబ్రరీ కంప్యూటర్‌లో ఉంటేనే అది పని చేస్తుంది. లేకపోతే వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, చదవలేని తెలుగు వస్తుంది. లైబ్రరీలో సామర్థ్యం ఉండటం వేరు, అది బైండింగు దాటి మన చేతికి అందడం వేరు.

ఏం చేయాలి

ఈ అనుభవాలన్నీ చూశాక కొన్ని సూచనలు ధైర్యంగా చేయవచ్చు. లైబ్రరీ తన ఏపీఐ ఫ్రీజ్ తేదీని విడుదల తేదీ అంత స్పష్టంగా ప్రకటించాలి. రెండింటికీ మధ్య బైండింగులకు సరిపడా వారాలు వదలాలి. ముఖ్యమైన బైండింగుల పరీక్షలను లైబ్రరీ రోజువారీ పరీక్షల్లో చేర్చాలి. సరిహద్దు చెడిన సంగతి విడుదల నాడు కాక చెడిన పూటే తెలియాలి. ఒకే మూల కోడును చుట్టుకున్న బైండింగులు కలిసి రావాలి, సొంతంగా రాసుకున్నవాటిని వాటి దారిన వదలాలి. బైండింగు వీలైనన్ని పాత లైబ్రరీల మీద కట్టేలా ఉండాలి. ఏది దేనితో సరిపోతుందో పట్టికగా ఇవ్వాలి. భద్రతా సవరణల ముందస్తు కబురు, లైబ్రరీని తమలో కలుపుకుని పంచే ప్యాకేజీలకూ చేరాలి. చూసుకునేవారు లేని బైండింగును ఆ మాట బహిరంగంగా చెప్పి పక్కన పెట్టాలి.

ఇవన్నీ చేయడానికి మనుషులు కావాలి. బైండింగులు చాలావరకు ఒకరిద్దరు తీరిక వేళల్లో నడుపుతున్నవే. లైబ్రరీకి దొరికే పేరులో, డబ్బులో పదో వంతు కూడా వాటికి దక్కదు. భారం మాత్రం మూడు క్యాలెండర్లది. వాటి మీద వ్యాపారం చేస్తున్న సంస్థలు ఒక ఇంజనీరు సమయాన్ని వారానికి ఒక పూట ఇచ్చినా, ఆరేళ్ల ఆలస్యాలు ఆరు వారాలకు దిగుతాయని నా నమ్మకం.

ఈ వ్యాసం చదువుతున్న ప్రోగ్రామర్లకు నా విన్నపం ఒక్కటే. మీరు వాడే బైండింగుకు రిలీజ్ క్యాండిడేట్ వచ్చినప్పుడు, మీ ప్రాజెక్టు పరీక్షలను దాని మీద ఒక్కసారి నడిపించండి. చెడితే ఎక్కడ చెడిందో రాసి పంపండి, నడిస్తే నడిచిందని చెప్పండి. విడుదల తర్వాత వంద ఫిర్యాదులు చేసే పని కంటే, విడుదలకు ముందు అందిన ఒక్క నివేదిక మెయింటైనర్లకు ఎక్కువ ఉపయోగపడుతుంది.